మా గిర్జాలో ఆఖరి పాట నిదానంగా ఎందుకు పాడతాం

దయ్యాల ముచ్చట్లు చెప్పేవాళ్ళను నేను నా దుకాణం మెట్టు మీద కూడా కూర్చోనివ్వలేదు. గన్‌ఫౌండ్రీలో నాది సైకిళ్ళు బాగుచేసే దుకాణం. పాడుబడ్డ బంగళాలో దీపం కనబడిందని ఒకడు, పురానాపూల్ దగ్గర ఎవరో వెనక సీటు మీద ఎక్కి కూర్చున్నారని ఇంకొకడు చెప్పబోతే, నీ సైకిల్ తీసుకుని ఇంటికి పొమ్మనేవాణ్ణి. ట్యూబులో గాలి పోయిందంటే ఎక్కడో చిల్లి ఉన్నట్టు. నీళ్ళ తొట్టిలో ముంచితే బుడగ వస్తుంది. బుడగ వచ్చిన చోట కారణం ఉంటుంది. నేను నమ్మింది అదొక్కటే.

నా చదువు మిషన్ బడిలో నాలుగో తరగతితో ఆగింది. మిగతాదంతా అబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఆదివారం పాత పుస్తకాలు కొని, పక్కన డిక్షనరీ పెట్టుకుని నేను సంపాదించుకున్నది. కాబట్టి చదువుకోనివాడు ఏదో భ్రమపడ్డాడని ఎవరూ అనుకోవద్దు. బుడగ దొరకని సంగతి నా జీవితంలో ఒక్కటే ఉంది. అది రాస్తున్నాను.

రాయడానికి కారణం కోపం. మొన్న మా గుడివాళ్ళు (గిర్జాను మేం గుడి అనే అంటాం) గుడి చరిత్ర అని నున్నటి కాగితం మీద పుస్తకం వేశారు. శంకుస్థాపన చేసిన దొర ఎవరు, రంగుల అద్దాల కిటికీ ఎవరి భార్య జ్ఞాపకంగా పెట్టారు, గంట ఏ ఊళ్ళో పోతపోశారు, అన్నీ ఉన్నాయి. ఆర్గన్ గురించి ఒక పేజీ నిండా రాశారు. ఏ ఓడలో వచ్చింది, ఎన్ని ఎద్దుల బండ్లు పట్టాయి, ఎద్దుల సంగతి కూడా రాశారు. దానికి గాలి కొట్టిన మనిషి సంగతి లేదు. చదివితే ఆ ఆర్గన్ దానంతటదే మోగినట్టు ఉంటుంది.

పుస్తకం అచ్చువేయించిన కుర్రవాణ్ణి పోయి అడిగాను. "తాతా, జాగ సరిపోలేదే. మల్ల ఏసినప్పుడు పెడ్తం తియ్" అన్నాడు. మళ్ళీ వేసేదాకా నేనుంటానా? అందుకని ఇక్కడ రాస్తున్నాను. గుడి పేరు రాయను. అబిడ్స్‌కూ నాంపల్లికీ తెలిసిన గుడే.

ఆ గుడి నిజాం సర్కారులో కొలువు చేసే ఇంగ్లీషువాళ్ళ కోసం, వాళ్ళ వ్యాపారుల కోసం కట్టింది. నల్లరాతి గోడలు, ఎత్తైన గోపురం. లోపల గోడల మీద ఇత్తడి పలకలు. కలరాతో పోయిన దొరలు, జ్వరంతో పోయిన వాళ్ళ పసిపిల్లలు, అందరి పేర్లూ ఆ పలకల మీద ఉంటాయి. తరవాత మిషన్ పని మొదలైంది. నాంపల్లి వైపు బడి పెట్టారు. ఉపదేశులు వచ్చారు. బైబిలు చెప్పే ఆడవాళ్ళు ఇంటింటికీ పోయి ఆడపిల్లలకు అక్షరాలు దిద్దించారు, పుండ్లకు మందు రాశారు. మా అమ్మ చదవడం అట్లా నేర్చుకుంది. ఆ మేలు నేను మరిచిపోలేదు.

అయితే తెలుగు ఆరాధన మాత్రం బడిలో ఒక పొడుగాటి గదిలో జరిగేది. ఒక హార్మోనియం, ఒక డోలక్, చాపలు. రాతిగుడిలో మావాళ్ళకు ఊడ్చే పని ఉండేది, పంకా లాగే పని ఉండేది, సమాధుల దగ్గర గడ్డి కోసే పని ఉండేది. పాట మాత్రం ఉండేది కాదు.

మా అమ్మ తమ్ముడు యాకోబు మామ ఆ గుడిలో ఆర్గన్‌కు గాలి కొట్టేవాడు.

ఈ కాలంవాళ్ళకు ఆ పని తెలియదు కాబట్టి చెప్తాను. ఆర్గన్ గొట్టాల వాయిద్యం. గొట్టాల్లోకి గాలి పోవాలి. వెనక చీకటి గదిలో కమ్మరి కొలిమి తిత్తికి తాతలాంటి తోలుతిత్తి ఉంటుంది. దానికి పొడుగాటి కర్రపిడి. ఒక మనిషి ఆ పిడిని కిందికి, పైకి కొడుతూనే ఉండాలి. తిత్తికి కట్టిన దారానికి ఒక సీసపు గుండు గోడ మీద గీసిన రెండు గీతల మధ్య, పైగీతకూ కిందిగీతకూ నడుమ, వేలాడుతుంది. తిత్తి నిండితే గుండు కిందికి దిగుతుంది, గాలి అయిపోతుంటే పైకి ఎక్కుతుంది. గుండు పైగీత దాటిందా, ఆర్గన్ మూలిగి ఆగిపోతుంది. వాయించేవాళ్ళు ఎంత గొప్పవాళ్ళైనా సరే.

మామ మెదక్ దిక్కు ఊరిలో వెట్టి చేయలేక పట్నం వచ్చినవాడు. వయసులో బావి మీద మోట కొట్టి కొట్టి కుడి భుజం పట్టేసింది. అందువల్ల అందరిలాగా ఒకే తీరుగా కొట్టలేకపోయేవాడు. ఒక పొడుగు దెబ్బ, వెనకనే రెండు పొట్టి దెబ్బలు. ఆ పిడి కిర్రుమనేది. కి...ర్ర్, కిర్ కిర్. చిన్నప్పుడు నేను గుడిలో ముందు వరస పక్కన పంకా లాగుతుంటే పాట సందుల్లోంచి ఆ చప్పుడు వినబడేది. నేను పుట్టకముందు నుంచీ ఉన్న చప్పుడు అది.

మామ ఆ గదిలోంచి గుడిలోపల ఏం జరుగుతుందో ఎన్నడూ చూడలేదు. మధ్యన గోడ. పాటలన్నీ ఇంగ్లీషు. తన గాలితో ఒక్క తెలుగు కీర్తన ఆ గొట్టాల్లోంచి రావాలని ఆయనకు కోరిక. ఇంట్లో అంటుండేవాడు, "నా దమ్మంతా పరాయి మాటలకే పాయె పిల్లా" అని మా అత్తతో. మా అత్త ఊరుకునేది కాదు. "మన మాటలకు పెట్టే దమ్ముంటే పొయిలకట్టెలు కొట్టు" అనేది.

రెండో ప్రపంచ యుద్ధం రాకముందు, ముప్పైల చివర, ఒక కొత్త పాద్రీ దొర వచ్చాడు. కుర్రవాడు. తెలుగు పుస్తకాల్లో నేర్చుకుని గ్రాంథికం మాట్లాడేవాడు. తెలుగు సంఘం ఏడాదికి ఒక్కసారైనా పెద్దగుడిలో ఆర్గన్‌తో ఆరాధన చేయకపోవడం ఏమిటని ఆయన గుడి కమిటీలో పట్టుబట్టాడు.

కమిటీ దొరలు నెలల తరబడి నాన్చారు. వీళ్ళు తాళం తప్పుతారు, బల్లల మీద కూర్చోరు, డోలక్ కొడతారు, ఆర్గన్ పాడవుతుంది అన్నారు. ఆఖరికి ఒక్క ఆదివారం చూద్దామన్నారు. ఈస్టరుకు ముందు వచ్చే మట్టల ఆదివారం సాయంత్రం. కమిటీలో పెద్ద దొర వెనక బల్ల మీద కూర్చుంటాడు. అంతా సవ్యంగా జరిగితే ప్రతి ఆదివారం సాయంత్రం గుడి మాది. ఆర్గన్ ఆగినా, గందరగోళమైనా మళ్ళీ బడి గదికే. ఇంకోసారి అడగకూడదు.

ఆ కబురు నాంపల్లికి వచ్చిన రోజు మా వాడలో పండగే. మేస్త్రీ పని చేసేవాళ్ళు, రైల్వేలో బొగ్గు మోసేవాళ్ళు, బంగళాల్లో వంటవాళ్ళు అందరూ పాటలు సాధన చేయడమే. మిషన్ బడిలో పాఠాలు చెప్పే సలోమి టీచరమ్మకు పియానో వచ్చు. ఆర్గన్ మీద ఆమె వాయించాలని నిర్ణయం. వారంలో రెండు సాయంత్రాలు ఆమె గుడిలో సాధన చేస్తుంటే మామ వెనక గాలి కొట్టేవాడు. మొదటిసారి తెలుగు కీర్తన ఆ గొట్టాల్లోంచి వచ్చిన రోజు, పాట అయిపోయాక కూడా ఆయన కొడుతూనే ఉన్నాడట. "చాలు పెద్దాయనా" అని టీచరమ్మ గోడ తట్టింది. "ఒక్కపారి మల్ల కొట్టమ్మా" అని లోపలి నుంచి బతిమాలాడు.

రెండో వారం ఆ గదిలోనే మామ పడిపోయాడు. పక్షవాతం. కుడి చెయ్యి, కుడి కాలు పోయాయి. మాట పోయింది. అఫ్జల్‌గంజ్ దగ్గర దవాఖానలో చేర్చాం. నేను దగ్గర కూర్చుని ఆ చేతిని ఎత్తి వదిలితే తడిబట్టలా పడిపోయేది. డాక్టరు సూదితో గుచ్చి చూపించాడు, కదలలేదు. ఇది గుర్తుపెట్టుకోండి.

మామ కొడుకు దావీదు నాకంటే చిన్నవాడు, నన్ను బావా అని పిలిచేవాడు. గాలి కొట్టే పని వాడు ఎత్తుకున్నాడు. వాడిది రైలు దెబ్బ. ఒకే తీరుగా, గబగబా. బాగానే కొట్టేవాడు. ఆ గదికి ఒకటే తలుపు, అది గుడి వెనక దొడ్లోకి ఉంటుంది. కిటికీకి ఇనప జాలి. తలుపుకు వేసే తాళం మామ సొంతంగా కొన్నది. దానికి ఒకటే తాళంచెవి, మామ మొలతాడుకు ఉండేది. దవాఖానలో ఆయన మొలతాడు నుంచి విప్పి దావీదుకు ఇచ్చింది నేనే.

మట్టల ఆదివారం వచ్చింది.

పొద్దున ఇంగ్లీషు ఆరాధనకు దావీదే గాలి కొట్టాడు. తాళం వేసుకుని, తండ్రిని ఒకసారి చూసి సాయంత్రం వేళకు వచ్చేస్తానని అఫ్జల్‌గంజ్ పోయాడు. మేము నాంపల్లి బడి దగ్గర గుమిగూడాం. ఎంతమందో నేను లెక్కపెట్టలేదు, బడి దొడ్డి పట్టలేదు. అందరి చేతుల్లో ఈత మట్టలు. పిల్లలు ఆ మట్టలతో కత్తియుద్ధాలు. ఆడవాళ్ళు పెట్టెల అడుగు నుంచి చీరలు తీసి కట్టుకున్నారు, నాఫ్తలీన్ వాసన వీధి దాకా కొట్టింది. మా అత్త మామ దగ్గర ఉంటానంటే దావీదు పంపించేశాడట, నువ్వు పోయి వినిరా అని. ఆమె ముందు వరసలో ఏడుస్తూ, నవ్వుతూ ఉంది.

నా మెడలో డోలక్. ఊరేగింపుకు ముందు నడవాల్సింది నేనే. నాంపల్లి రోడ్డంతా పాడుకుంటూ పోయాం. టాంగాలు పక్కకు ఆగాయి. షర్బత్ అమ్మే ఆయన మట్ట ఒకటి అడిగి తీసుకుని తన బండికి కట్టుకున్నాడు. ఒక పోలీసు జవాను ఎవరి పెళ్ళని అడిగాడు. మాదేనన్నారు ఎవరో.

గుడి గేటు దగ్గరకు వచ్చేసరికి, పొద్దు ఇంకా ఎత్తున ఉండగానే, మసీదు నుంచి అసర్ అజాన్ వినబడింది. మా పట్నంలో అజాన్ వినబడితే మేళం ఆపడం రివాజు. ఎవరూ చెప్పక్కరలేదు. నేను డోలక్ మీద అరచెయ్యి పెట్టాను. అంతమందిమీ మట్టలు పట్టుకుని గేటు ముందు నిలబడ్డాం. అజాన్ అయిపోయింది. తలుపులు తెరుచుకున్నాయి. నేను డోలక్ ఎత్తబోయాను, అంతలో ఆర్గన్ అందుకుంది.

ఆ చప్పుడు నేను రాయలేను. చిన్నప్పటి నుంచి విన్న ఆర్గనే. కానీ అది మా కీర్తన. నేల లోపలి నుంచి వచ్చినట్టు అరికాళ్ళకు తగిలింది. నా వెనక ముసలి మేస్త్రీ ఒకాయన "అరె, మనదేనా?" అన్నాడు. అందరం లోపలికి పొంగిపోయాం. బల్లలు నిండాయి, నడవ నిండింది. కమిటీ పెద్ద దొర వెనక బల్ల మీద చేతులు కట్టుకుని కూర్చుని ఉన్నాడు.

నేను ముందు వరసలో, ఆర్గన్ పక్కన కూర్చున్నాను. పాట తరవాత పాట. ఎక్కడా ఆగలేదు, మూలగలేదు. గాలి నిండుగా వచ్చింది. పాట సందుల్లో పిడి చప్పుడు నేను విన్నాను. కి...ర్ర్, కిర్ కిర్. ఒక పొడుగు, రెండు పొట్టి. నా చెవులతో విన్నాను. అప్పుడు నాకు ఏమీ అనిపించలేదు. ఆ గుడిలో ఆ చప్పుడు లేకపోతే ఆశ్చర్యపడేవాణ్ణేమో. ఉంటే ఎందుకు ఆశ్చర్యపడతాను?

ఆఖరి పాటలో టీచరమ్మ కొంచెం తొందరపడింది. చివరి చరణంలో ఆర్గన్ గొంతు కాస్త పలచబడ్డట్టు అనిపించింది, మళ్ళీ నిలదొక్కుకుంది. అయిపోయింది.

బయట మెట్ల మీద కమిటీ దొర పాద్రీ దొర చెయ్యి పట్టుకుని ఊపాడు. నాకు అప్పటికే ఇంగ్లీషు అర్థమయ్యేది. గాలి కొట్టిన మనిషి ఎవరు, ఇవాళ పొద్దున మా ఆరాధనలో గాలి ఇంత నిలకడగా లేదు, వీణ్ణే మాకూ పెట్టండి అన్నాడు. ఆదివారం సాయంత్రాలు మీవే అన్నాడు. ఆ మాట పాద్రీ దొర తెలుగులో చెప్పేలోపే నేను అరిచి చెప్పేశాను. మట్టలు ఆకాశానికి లేచాయి. మా అత్త మెట్ల మీదే కూర్చుండిపోయింది.

నేను దావీదును ఎత్తుకుని తిప్పాలని దొడ్లోకి ఉరికాను. తలుపుకు తాళం వేసి ఉంది. వీడికి తొందర ఎక్కువ, నాయినకు చెప్పడానికి అప్పుడే పోయాడనుకున్నాను. సైకిలెక్కి అఫ్జల్‌గంజ్ దారి పట్టాను. పాద్రీ దొర కూడా నేనూ వస్తానని తన సైకిల్ తీశాడు. దారంతా నేను పాడుతూనే ఉన్నాను.

వార్డులో దావీదు తండ్రి మంచం పక్కన కింద కూర్చుని ఉన్నాడు. నన్ను చూడగానే మొహం చేతుల్లో పెట్టుకున్నాడు.

"బావా, మాఫ్ చెయ్యి. నా తోటే పరువు పాయె."

"ఏం పాయెరా? ఆదివారాలు మనయే. దొర ఒప్పుకున్నడు. ఏం కొట్టినవురా గాలి!"

వాడు తల ఎత్తాడు. "నేనేడ కొట్టిన? నేను రానే రాలె. నాయిన నా చెయ్యి పట్టిండు, ఇడ్వలె."

జేబులోంచి తాళంచెవి తీసి నా ముందు పెట్టాడు. "మీరు తాళం పలగ్గొట్టి ఎవలనన్న పెట్టిన్రా?"

మామ ఎడమ చేత్తో కొడుకు మణికట్టు పట్టుకున్నాడట. బాగున్న చెయ్యి అదొక్కటే కదా. విడిపించుకోబోతే కళ్ళతో వద్దన్నాడట. చచ్చిపోతున్నాడేమోనని వాడు భయపడి కూర్చుండిపోయాడు. వాడి మణికట్టు మీద ఆ వేళ్ళ గుర్తులు నేను చూశాను.

ఆ వార్డులో పనిచేసే ఒక ముసలాయన ఉండేవాడు, అందరూ చాచా అనేవాళ్ళు. ఆయనకు మా గుడి తెలియదు, ఆర్గన్ తెలియదు. ఆయన తనంతట తాను వచ్చి మీ పెద్దమనిషి ఇవాళ కుడి చెయ్యి కదిలించాడని ఉర్దూలో చెప్పాడు. ఎప్పుడని అడిగాను. అజాన్ అయిపోయిన వెంటనే మొదలైందట. మంచం మీద ఆ చెయ్యి కిందికి పైకి, కిందికి పైకి. కాసేపు ఆగేది, మళ్ళీ మొదలయ్యేది. బావిలో నీళ్ళు తోడుతున్నట్టు కల వచ్చిందేమో అనుకున్నాను, ఇందాకనే నిలిచిపోయింది అన్నాడు. దావీదూ చూశాడట, ఫిట్స్ అనుకున్నాడు. నర్సమ్మ కూడా చూసి డాక్టరును పిలవడానికి పోయింది. డాక్టరు వచ్చేసరికి చెయ్యి పడిపోయి ఉంది. మళ్ళీ సూదితో గుచ్చాడు. కదలలేదు.

నేను మామ మీదికి వంగాను. నుదురంతా చెమట. చొక్కా చంకల కింద తడిసి ముద్దయింది. పడిపోయినప్పటి నుంచి నోటి నుంచి మాట లేనివాడు, పెదవులు ఒక పక్కకు లాక్కుంటూ మాట్లాడాడు. నేను, దావీదు, పాద్రీ దొర, ముగ్గురం విన్నాం.

"ఆఖరి పాట... టీచరమ్మ ఉర్కిచ్చింది. దమ్ము సరిపోలె."

ఆఖరి పాట సంగతి మేమింకా ఎవరికీ చెప్పలేదు. నేను పలచబడ్డట్టు విన్నానని పైన రాశాను కదా, అది నా మనసులోనే ఉంది. తరవాత టీచరమ్మను అడిగాను. ఆమె కూర్చున్న చోటు నుంచి లేచి నిలబడింది. కమిటీ దొర చూస్తున్నాడన్న భయంతో ఆఖరి పాట తొందరగా కొట్టానని, చివరి చరణంలో వెనక మనిషికి ఆయాసం వచ్చినట్టు మీటల కింద తెలిసిందని, దావీదుకు క్షమాపణ చెప్పుకోవాలనుకున్నానని చెప్పింది.

ఆ సాయంత్రమే, ఇంకా వెలుతురు ఉండగానే, మేం ముగ్గురం గుడికి తిరిగి వచ్చాం. దావీదు తాళం తీశాడు. గదిలో ఎవరూ లేరు. కిటికీ జాలి ఎప్పటిలాగే ఉంది, మూలల్లో సాలెగూడు కూడా చెదరలేదు. గోడ మీద సీసపు గుండు చూశాను.

అది కిందిగీత దగ్గర ఉంది. అంటే తిత్తి నిండా గాలి ఉంది.

ఆ తిత్తి తోలు పాతది. నిండా గాలి కొట్టి వదిలితే ఒక చరణం కూడా నిలవదు. ఆరాధన అయిపోయి మేం అఫ్జల్‌గంజ్ పోయి వచ్చాం. ఖాళీ అయి గుండు పైకి పోయి ఉండాలి. మేం చూస్తుండగానే అది కదలడం మొదలుపెట్టింది. మెల్లగా, మెల్లగా పైకి. తిత్తి లోపలి నుంచి పొడుగాటి ఊపిరి వదిలిన చప్పుడు వచ్చింది. పైగీత దగ్గర గుండు నిలిచిపోయింది. దావీదు నా భుజం గట్టిగా పట్టుకున్నాడు.

పాద్రీ దొర టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. తరవాత తన పుస్తకాల తెలుగులో అన్నాడు. "ఈ సంగతి మనము కమిటీవారికి చెప్పకుందుము. చెప్పినయెడల వారు గాలికొట్టు మోటారు ఎన్నటికిని కొనరు."

ముగ్గురం నవ్వాం. నవ్వు ఆగలేదు. దావీదు నవ్వుతూనే ఏడ్చాడు.

ఇప్పుడు నాతో వాదించేవాళ్ళ సంగతి. నా మనవడు ఇంజనీరు. వేరెవరో కొట్టి ఉంటారంటాడు. ఎవరు, ఎట్లా పోయారు లోపలికి? తాళం విరగలేదు, జాలి ఊడలేదు. పొద్దున కొట్టిన గాలి మిగిలి ఉంటుందంటాడు. తరవాత నేను దావీదుతో తిత్తి నిండా కొట్టించి, టీచరమ్మతో వాయించి చూశాను. చరణం సగంలో మూలిగి ఆగింది. గాలి సంగతి నాకు చెప్తాడా వాడు? నా బతుకంతా గాలి కొట్టడమే. దావీదు అబద్ధమాడాడంటాడు. అబద్ధమాడితే వాడు గొప్పగా నేనే కొట్టానని ఆడేవాడు గానీ, రాలేదని ఏడుస్తాడా?

ఇప్పటి పాస్టరుగారికి ఇంకో బాధ. క్రైస్తవులు దయ్యాలను నమ్మడం తప్పు అంటాడు. దయ్యమని నేను ఎప్పుడన్నాను? అప్పటికి మామ బతికే ఉన్నాడు. బతికున్నవాడు దయ్యం ఎట్లా అవుతాడు?

ఒక్కటి మాత్రం ఒప్పుకుంటాను. గదిలో ఆ సమయంలో నేను లేను. చూసినవాళ్ళు ఎవరూ లేరు. తొట్టిలో ముంచి ముంచి చూశాను, బుడగ రాలేదు.

మామ ఆ వానాకాలం దాకా బతికాడు. ఆ చెయ్యి మళ్ళీ లేవలేదు. ఆ ఒక్క మాట తప్ప ఇంకో మాట కూడా రాలేదు. ప్రతి ఆదివారం సాయంత్రం మా అత్త గుడి నుంచి వచ్చి ఏయే కీర్తనలు పాడారో వరసగా చెప్పేది. వింటూ కళ్ళు మూసుకునేవాడు. యుద్ధం అయిపోయాక కమిటీ మోటారు కొన్నది. పిడి కోసేశారు. ఇప్పుడు మీట నొక్కితే గాలి వస్తుంది.

సలోమి టీచరమ్మ ఆ మట్టల ఆదివారం తరవాత ఆఖరి పాట ఎన్నడూ తొందరగా వాయించలేదు. చరణానికీ చరణానికీ మధ్య ఒక ఊపిరి పీల్చుకునేంత ఆగేది. ఆమె దగ్గర నేర్చుకున్నవాళ్ళు అట్లాగే నేర్చుకున్నారు, వాళ్ళ దగ్గర నేర్చుకున్నవాళ్ళూ అంతే. మా గుడిలో తెలుగు ఆరాధనలో ఆఖరి పాట నేటికీ నిదానమే. ఎందుకో ఎవరికీ తెలియదు. ఆ నున్నటి పుస్తకంలో కూడా లేదు. గిటారు పట్టుకున్న కుర్రవాళ్ళు "గింత ఈడ్సుడేంది తాతా, ఉర్కియ్యున్రి జర" అంటారు.

మోటారుకు ఆయాసం రాదని నాకూ తెలుసు. కానీ ఆ సాయంత్రం తాళం వేసిన గదిలో గాలి కొట్టిందెవరో నాకు ఈ రోజుకీ తెలియదు. తెలిసేదాకా నేను మాత్రం ఆఖరి పాట ఉరికించను.